150 మైక్రోగ్రాముల దుమ్ము, 269 అమైనో ఆమ్లాల ప్రోటీన్

15ని ఒక శాతంతో భాగించాలి. 1957 నాటి బొగ్గు గనుల నిబంధనల్లో దుమ్ముకు పెట్టిన లెక్క ఇది. ఇవాళ రిటైరై గోదావరిఖనిలోనో, యైటింక్లైన్ కాలనీలోనో ఉంటున్న కార్మికుల సర్వీసులో చాలా ఏళ్ళు ఈ లెక్క కిందే గడిచాయి. 2017లో ఆ నిబంధనల స్థానంలో కొత్తవి వచ్చాయి. కానీ ఊపిరితిత్తిలో చేరిన దుమ్ముకు చట్టం మారిన సంగతి తెలియదు కదా. అందుకే పాత లెక్కతోనే మొదలుపెడుతున్నాను.

పీల్చే దుమ్ములో సిలికా 5 శాతం లోపు ఉంటే, ఘనపు మీటరు గాలిలో 3 మిల్లీగ్రాముల దుమ్ము దాకా ఉండవచ్చు. 5 శాతం దాటితే, 15ని ఆ శాతంతో భాగించగా వచ్చిందే పరిమితి. సిలికా 10 శాతమైతే పరిమితి 1.5 మిల్లీగ్రాములు, 15 శాతమైతే 1 మిల్లీగ్రాము. ఏ వరుస తీసుకుని గుణించినా ఘనపు మీటరు గాలిలో ఉండే సిలికా ఒక్కచోటికే వస్తుంది: 0.15 మిల్లీగ్రాములు, అంటే 150 మైక్రోగ్రాములు. చట్టం పైకి దుమ్మును కొలుస్తున్నట్టు కనిపించినా, నిజంగా భయపడింది సిలికాకే. అమెరికా గనుల భద్రతా శాఖ 2024లో ప్రకటించిన నియమంలో ఇదే అంకె 50 మైక్రోగ్రాములు. దాని అమలు కోర్టుల్లో చిక్కుకుని వాయిదా పడింది కానీ, శాస్త్రం ఎటు చూపిస్తోందో ఆ అంకె చెబుతుంది.

150 మైక్రోగ్రాములంటే కంటికి ఆనదు. అయినా ఒక షిఫ్టు లెక్క వేద్దాం. ఒళ్ళు వంచి పనిచేసే మనిషి 8 గంటల్లో సుమారు 10 ఘనపు మీటర్ల గాలి పీలుస్తాడు. పరిమితికి సరిగ్గా అంచున ఉన్న గాలిలో అది 1.5 మిల్లీగ్రాముల సిలికా. రేణువులన్నీ ఒక మైక్రాన్ వ్యాసంతో ఉన్నాయనుకుని, క్వార్ట్జ్ సాంద్రత 2.65 తీసుకుంటే, 1.5 మిల్లీగ్రాముల్లో వంద కోట్లకు పైగా రేణువులుంటాయి. మనిషి ఊపిరితిత్తుల్లో గాలి గదులు సుమారు 48 కోట్లు. అంటే షిఫ్టుకు ఒక్కో గదికి రెండేసి రేణువులు. ఇది గరిష్ఠ లెక్క. ముక్కు, శ్వాసనాళాల్లోని తెమడ చాలావాటిని పట్టేస్తాయి, కొన్ని ఊపిరితోనే వెనక్కి పోతాయి. గది దాకా చేరేవి అందులో కొంత భాగమే. కానీ ఏడాదికి 300 షిఫ్టులు, సర్వీసు 30 ఏళ్ళు.

ఈ నేలలో సిలికా ఎక్కడిదంటే, బొగ్గుకు పైనా కిందా ఉన్నది ఇసుకరాయే. గోదావరి లోయ బొగ్గంతా గోండ్వానా కాలపు పొరల్లో ఉంది, ఆ పొరల్లో ఎక్కువ భాగం క్వార్ట్జ్ నిండిన ఇసుకరాయి. భూగర్భ గనిలో పైకప్పుకు రూఫ్‌బోల్టు కోసం డ్రిల్లు వేసినా, ఓపెన్‌కాస్టులో ఓబీ (బొగ్గు మీదున్న మట్టి, రాయి) తీయడానికి బ్లాస్టింగ్ గుంతలు కొట్టినా లేచేది ఆ రాతి పొడే. సింగరేణి 2023-24లో 7 కోట్ల టన్నుల బొగ్గు తీసింది, అందులో ఎక్కువ భాగం ఓపెన్‌కాస్టు గనుల నుంచే. కాబట్టి దుమ్ము ముచ్చట ఇప్పుడు బాయిలో దిగేవాళ్ళది మాత్రమే కాదు. డ్రిల్ ఆపరేటరు, డంపర్ డ్రైవరు, హాల్‌రోడ్డు పక్కన నిలబడే కాంట్రాక్టు కార్మికుడు, అందరిదీ. పైగా రామగుండం ఎండ. మే నెలలో 45 డిగ్రీలు దాటే చోట ట్యాంకరు చల్లిన నీళ్ళు ఎంతసేపు నిలుస్తాయో ఆ రోడ్డు మీద నడిచినవాళ్ళకు తెలుసు.

ఇక ఒక్క రేణువు వెంట లోపలికి వెళ్దాం.

గాలి గదిలో కాపలా తిరిగే కణం పేరు మాక్రోఫేజ్. వ్యాసం 15 నుంచి 20 మైక్రాన్లు ఉంటుంది. బ్యాక్టీరియా, చచ్చిన కణాలు, దుమ్ము, ఏది కనిపించినా మింగడం దాని పని. అయితే ఏది మింగినప్పుడు ఊరుకోవాలి, ఏది మింగినప్పుడు చుట్టుపక్కల రక్షణ కణాలను పిలవాలి అన్న నిర్ణయం మెదడు చేసేది కాదు. కణం లోపలి ఎంజైములు చేస్తాయి. పిలుపు వెళ్తే రక్తనాళాలు వదులవుతాయి, నీరు చేరుతుంది, తెల్లరక్తకణాలు గుమిగూడతాయి. ఇన్‌ఫ్లమేషన్ అని డాక్టరు రాసేది దీన్నే. నిమోనియా నుంచి మనిషిని బతికించేదీ ఇదే, ఊపిరితిత్తిని గట్టిపడేలా చేసేదీ ఇదే. తేడా అంతా ఆ ఎంజైములు ఎంతసేపు పనిచేశాయన్న దగ్గరే ఉంది.

ఈ ఎంజైముల్లో పెద్ద కుటుంబం కైనేజులు. మనిషి జన్యువుల్లో ప్రోటీన్ కైనేజుల లెక్క 2002లో తేలింది: 518. మొత్తం జన్యువుల్లో దాదాపు 2 శాతం. ఏటీపీ అనే అణువు నుంచి ఒక ఫాస్ఫేటును తీసి మరో ప్రోటీన్‌కు అతికించడం కైనేజు పని. ఫాస్ఫేటు అతికితే ఆ ప్రోటీన్ ఆకారం, నడత మారతాయి. అలా అతికిన ఫాస్ఫేటును ఊడదీసే ఎంజైములు ఫాస్ఫటేజులు. ఈ అతికించడం, ఊడదీయడం 1950ల్లో కనిపెట్టినందుకు ఎడ్మండ్ ఫిషర్, ఎడ్విన్ క్రెబ్స్‌లకు 1992లో నోబెల్ వచ్చింది.

ఆ ఏటీపీని లోకానికి చూపినవాళ్ళలో మనవాడున్నాడు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో ఫాస్ఫరస్‌ను రంగుతో కొలిచే పద్ధతిని ప్రచురించాడు. బయోకెమిస్ట్రీ లాబుల్లో ఫిస్క్-సుబ్బారావు పద్ధతి అని ఇప్పటికీ అంటారు. ఆ కొలత చేతికి వచ్చాక 1927లో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏటీపీ బయటపడ్డాయి. అదే 1929లో జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా ఏటీపీని కనిపెట్టాడు. తెలుగు పాఠ్యపుస్తకాల్లో సుబ్బారావు పేరు మందుల దగ్గర ఆగిపోతుంది. ఇన్‌ఫ్లమేషన్‌లో జరిగే ప్రతి కైనేజు చర్యకూ ఖర్చయ్యేది ఆయన కొలిచిన అణువేనన్న మాట పిల్లలకు ఒక్క వాక్యంలోనైనా చెప్పాలని నా ఆశ.

మాక్రోఫేజ్ పైపొరకు ఒక బ్యాక్టీరియా ముక్క తగిలిందనుకోండి. లోపల ఐరాక్-4 అనే కైనేజు మేల్కొంటుంది. దాని తర్వాత టాక్-1, దాని తర్వాత ఐకేకే. ఐకేకే చేసే పని చాలా ఖచ్చితమైనది: ఐ-కప్పా-బి అనే ప్రోటీన్‌లో 32వ, 36వ స్థానాల్లో ఉన్న సెరీన్ అనే అమైనో ఆమ్లాలకు ఫాస్ఫేటు అతికిస్తుంది. ఈ రెండు గుర్తులు పడ్డాక కణం ఆ ప్రోటీన్‌ను ముక్కలు చేసేస్తుంది. అంతవరకూ దాని పట్టులో ఉన్న ఎన్‌ఎఫ్-కప్పా-బి విడుదలై కేంద్రకంలోకి పోతుంది. మొదటి తాకిడి నుంచి ఇక్కడికి అరగంట చాలు. ఎన్‌ఎఫ్-కప్పా-బి లోపలికి వెళ్ళి వందల జన్యువులను పని మొదలుపెట్టిస్తుంది. ఇన్‌ఫ్లమేషన్ పిలుపులైన టీఎన్‌ఎఫ్, ఐఎల్-1 బీటా తయారీ మొదలయ్యేది అక్కడే.

తమాషా ఏమిటంటే, అది మొదలుపెట్టించే జన్యువుల్లో తనను ఆపే ఐ-కప్పా-బి జన్యువు కూడా ఉంది. ఏ-20 అనే మరో ఎంజైము జన్యువూ ఉంది, అది పైన చెప్పిన గొలుసు లంకెలను విప్పుతుంది. అందుకే ప్రయోగశాలలో చూస్తే ఎన్‌ఎఫ్-కప్పా-బి కేంద్రకంలోకి వెళ్ళడం, బయటికి రావడం, మళ్ళీ వెళ్ళడం సుమారు 100 నిమిషాలకొకసారి జరుగుతుంది. ఇంక్లైన్‌లో టబ్బులు దించే హాలేజ్‌ను నడిపినవాళ్ళకు ఇది కొత్త కాదు: తాడు వదులుతున్నప్పుడు కూడా ఆపరేటరు కాలు బ్రేకు మీదే ఉంటుంది.

ఒక్కోసారి నడిపే ఎంజైమే బ్రేకు కూడా అవుతుంది. 2018లో అమెరికాలోని మెంఫిస్ నగరం నుంచి వచ్చిన ఒక పరిశోధనలో, మాక్రోఫేజుల్లో టాక్-1ను తీసేశారు. గొలుసులో ఒక లంకె పోయింది కాబట్టి ఇన్‌ఫ్లమేషన్ తగ్గాలి. జరిగింది వేరు. ఏ సూక్ష్మజీవీ తగలకుండానే కణాలు రగిలి, చచ్చిపోయాయి. ఆ పత్రంలో మొదటి పేరు ఆర్.కె. సుబ్బారావు మాలిరెడ్డిది, ప్రయోగశాల కన్నెగంటి తిరుమలాదేవిది. తెలంగాణ నుంచి వెళ్ళి, కాకతీయ విశ్వవిద్యాలయంలో డిగ్రీ, ఉస్మానియాలో ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ చేసి, సెయింట్ జూడ్ పిల్లల పరిశోధనా ఆసుపత్రిలో ఇమ్యునాలజీ పరిశోధకురాలిగా ప్రపంచానికి తెలిసిన వ్యక్తి ఆమె. ఈ ఎంజైములను ఏదో ఒకదాన్ని మూసేస్తే చాలు రోగం పోతుందని అనుకునేవాళ్ళకు ఆ ఫలితం చూపించాలి.

కన్నెగంటి పేరు ఇక్కడ మరో కారణానికి కూడా రావాలి. ఐఎల్-1 బీటా తయారైనంత మాత్రాన బయటికి పోలేదు. అది మొదట 269 అమైనో ఆమ్లాల పొడవుతో, పని చేయని రూపంలో ఉంటుంది. క్యాస్పేజ్-1 అనే ఎంజైము దాన్ని 116వ అమైనో ఆమ్లం తర్వాత కోస్తేనే, మిగిలిన 153 అమైనో ఆమ్లాల ముక్క అసలు సంకేతమవుతుంది. క్యాస్పేజ్-1 కూడా ఊరికే కోయదు. ఎన్‌ఎల్‌ఆర్‌పీ3 అనే ప్రోటీన్ తనలాంటివాటితో గుంపు కట్టి దాన్ని మేల్కొల్పాలి. ఇలాంటి గుంపుకు ఇన్‌ఫ్లమసోమ్ అని 2002లో స్విట్జర్లాండ్‌లో యుర్గ్ చోప్ బృందం పేరు పెట్టింది. 2006లో నేచర్ పత్రికలో వచ్చిన పత్రాల్లో ఒకటి, బ్యాక్టీరియా ఆర్‌ఎన్‌ఏ ఈ ఎన్‌ఎల్‌ఆర్‌పీ3 ద్వారానే క్యాస్పేజ్-1ను మేల్కొల్పుతుందని చూపింది. దానికి మొదటి రచయిత్రి కన్నెగంటి.

రెండేళ్ళ తర్వాత, 2008లో ఈ కథ బొగ్గుబాయి దాకా వచ్చింది. చోప్ బృందంతో సహా వేర్వేరు బృందాలు, సిలికా రేణువు కూడా ఇదే ఎన్‌ఎల్‌ఆర్‌పీ3ని కదిలిస్తుందని ఆ ఏడాదే ప్రచురించాయి. జరిగేది ఇది. మాక్రోఫేజ్ రేణువును మింగి లైసోసోమ్ అనే సంచిలోకి పంపుతుంది. ఆ సంచిలో ఆమ్లం ఉంటుంది, 50కి పైగా ఎంజైములుంటాయి. ప్రోటీన్‌ను, కొవ్వును, చక్కెరను, బ్యాక్టీరియా గోడను, దేన్నైనా అవి కరిగిస్తాయి. క్వార్ట్జ్‌ను కోసే ఎంజైము మాత్రం వాటిలో లేదు. స్ఫటికం తగిలి సంచి పొర చిరుగుతుంది. లోపలి కెథెప్సిన్-బి అనే ఎంజైము కణంలోకి కారుతుంది. ఎన్‌ఎల్‌ఆర్‌పీ3 దీన్ని ప్రమాదంగా తీసుకుంటుంది. క్యాస్పేజ్-1 లేస్తుంది, ఐఎల్-1 బీటాను కోస్తుంది. గ్యాస్‌డెర్మిన్-డి అనే మరో ప్రోటీన్‌ను కూడా కోస్తుంది. ఆ ముక్కలు కణం పైపొరలో సుమారు 20 నానోమీటర్ల వెడల్పు రంధ్రాలు చేస్తాయి. ఐఎల్-1 బీటా అందులోంచి బయటపడుతుంది, కణం పగిలి చస్తుంది.

కణం చచ్చాక రేణువు మళ్ళీ బయట పడుతుంది. మరో మాక్రోఫేజ్ వచ్చి దాన్ని మింగుతుంది.

నేను ఇంత దూరం చెప్పుకొచ్చింది ఈ ఒక్క సంగతి కోసమే. న్యుమోకాకస్ అనే బ్యాక్టీరియా వస్తే ఇవే ఎంజైములు లేస్తాయి, అది చావగానే ఐ-కప్పా-బి, ఏ-20, ఫాస్ఫటేజులు కలిసి అన్నిటినీ పడుకోబెడతాయి. బ్రేకులన్నీ తయారైంది, వచ్చిన శత్రువు ఎప్పుడో ఒకప్పుడు కరిగిపోతుందన్న నమ్మకం మీద. సిలికా కరగదు. కాబట్టి ఎంజైములు చెడిపోలేదు, రోగిలో లోపమూ లేదు. వ్యవస్థ తాను చేయాల్సిందే చేస్తోంది, ఆపడానికి కావలసిన సందర్భం మాత్రం ఎప్పటికీ రావడం లేదు. దుమ్ములో పని మానేసిన పదేళ్ళకు, ఇరవై ఏళ్ళకు కూడా సిలికోసిస్ బయటపడటానికి కారణం ఇదే.

అక్కడినుంచి నష్టం మూడు దారుల్లో పోతుంది. మొదటిది మచ్చ. టీజీఎఫ్-బీటా అనే సంకేతం అందుకునే గ్రాహకమే ఒక కైనేజు. అది పనిచేస్తే ఫైబ్రోబ్లాస్టులు అనే కణాలు కొల్లాజెన్ పోగులు అల్లుతాయి, గాలి గది గోడ మందమవుతుంది. రెండోది టీబీ. రేణువులతో నిండి చస్తున్న మాక్రోఫేజులు క్షయ క్రిమిని చంపలేవు. 2021లో అనేక అధ్యయనాలను కలిపి చూసిన ఒక సమీక్షలో, సిలికోసిస్ ఉన్నవాళ్ళకు టీబీ ముప్పు 4 రెట్లు ఎక్కువని తేలింది. సిలికోసిస్ లేకుండా సిలికా పీల్చినవాళ్ళకూ దాదాపు 2 రెట్లు. మూడోది ఎక్కువమందికి తెలియదు. 1953లో వేల్స్‌లో ఆంథొనీ కాప్లాన్ అనే డాక్టరు, కీళ్ళవాతం ఉన్న బొగ్గు కార్మికుల ఎక్స్‌రేల్లో ప్రత్యేకమైన గుండ్రటి గడ్డలు గమనించాడు. దుమ్ముతో రేగిన రోగనిరోధక శక్తి ఊపిరితిత్తిలోనూ, వేళ్ళ కణుపుల్లోనూ ఒకేసారి పనిచేసే ఆ జబ్బుకు ఆయన పేరే ఉంది. పొద్దున్నే వేళ్ళు బిగుసుకుంటున్నాయని, ఆయాసమొస్తోందని ఇద్దరు వేర్వేరు డాక్టర్ల దగ్గరికి వెళ్ళే మాజీ కార్మికుడు, తన పని ఏమిటో ఇద్దరికీ చెప్పడం అందుకే అవసరం.

మరి ఈ ఎంజైములను మందులతో ఆపలేమా? కొన్నింటిని ఆపుతున్నాం. ఆస్పిరిన్ కాక్స్ అనే ఎంజైమును ఆపుతుందని జాన్ వేన్ 1971లోనే చూపాడు. కీళ్ళవాతానికి ప్రపంచమంతా మొదట రాసే మెథోట్రెక్సేట్, లెడర్లీ కంపెనీలో సుబ్బారావు బృందం నుంచి వచ్చినదే. క్యాన్సర్ కోసం చేసిన ఆ మందును అమెరికా 1988లో కీళ్ళవాతానికి ఆమోదించింది. (వారానికి ఒక్కరోజే వేసుకోవలసిన మాత్ర అది. రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది.) 2012లో వచ్చిన టోఫాసిటినిబ్ జాక్ అనే కైనేజులను ఆపుతుంది. అవి మొత్తం నాలుగు. కొవిడ్ కాలంలో అందరికీ తెలిసిన డెక్సామెథసోన్, ఫాస్ఫటేజు ఒకదాన్ని ఎక్కువ తయారు చేయించి కైనేజుల జోరు తగ్గిస్తుంది.

అయితే ప్రతి మందుకూ ఖరీదుంది, అది రూపాయల్లో లెక్కించేది కాదు. 2017లో వెలువడిన ఒక ప్రయోగంలో, గుండెపోటు వచ్చిన 10,061 మందిలో ఐఎల్-1 బీటాను అడ్డుకునే కనకినుమాబ్ ఇంజెక్షన్‌ను పరీక్షించారు. మూడు నెలలకోసారి 150 మిల్లీగ్రాములు ఇస్తే మళ్ళీ గుండెపోటు, పక్షవాతం, గుండె జబ్బుతో మరణం కలిపి 15 శాతం తగ్గాయి. కానీ ఇన్‌ఫెక్షన్‌తో చనిపోయినవాళ్ళు ఏడాదికి వంద మందికి 0.18 నుంచి 0.31కి పెరిగారు. చిన్న అంకెల్లా కనిపిస్తాయి. గుండె రోగుల్లోనే ఇది ఇలా ఉంటే, టీబీ ముప్పు 4 రెట్లున్న సిలికోసిస్ రోగికి అదే సంకేతాన్ని ఏళ్ళ తరబడి మూసేస్తే ఏమవుతుందో ఊహించండి. జాక్ మందులకు ముందు టీబీ పరీక్ష తప్పనిసరి అనడం కూడా ఇందుకే.

మచ్చ వైపు నుంచి కొంత ఊరట ఉంది. నింటెడనిబ్ అనే కైనేజు మందును 2019లో, ఊపిరితిత్తి మచ్చలు ముదురుతున్న 663 మందిలో పరీక్షించారు. మందు లేనివాళ్ళు ఏడాదికి 187.8 మిల్లీలీటర్ల ఊపిరి సామర్థ్యం కోల్పోతే, వేసుకున్నవాళ్ళు 80.8 కోల్పోయారు. ఆరోగ్యవంతుడికి వయసుతో తగ్గేది ఏడాదికి సుమారు 30. ఆ పరీక్ష బొగ్గు కార్మికుల కోసం ప్రత్యేకంగా జరిగినది కాదు. అది నష్టాన్ని నెమ్మదింపజేసింది, పోయిన ఊపిరిని తిరిగి ఇవ్వలేదు. సిలికోసిస్‌ను నయం చేసే మందు ఇవాళ్టికీ లేదు. కాబట్టి ఎంజైముల గురించి ఎంత తెలిసినా, సిలికాకు నిజమైన చికిత్స డ్రిల్లు బిట్టు దగ్గర పారే నీళ్ళలోనే ఉందని నేను నమ్ముతున్నాను. తడి డ్రిల్లింగ్, గాలి ప్రవాహం, దుమ్ము నమూనాల కొలత, అమరిన మాస్కు. ఇందులో మాస్కు ఆఖరిది. 45 డిగ్రీల్లో 8 గంటలు ఎవరూ దాన్ని ముఖం మీద ఉంచుకోలేరు.

ఇక దుమ్ము ఇప్పటికే పీల్చేసినవాళ్ళ సంగతి. గనుల నియమాల ప్రకారం పీఎంఈ, అంటే ఆవర్తన వైద్య పరీక్ష, నిర్ణీత కాలానికోసారి జరగాలి. అందులో తీసే ఛాతీ ఎక్స్‌రేను చదవడానికి అంతర్జాతీయ కార్మిక సంస్థ పద్ధతి ఉంది. మచ్చల సాంద్రతకు 12 మెట్లు. గుండ్రటి చిన్న మచ్చల్లో 1.5 మిల్లీమీటర్ల దాకా ఉన్నది పి, 3 దాకా క్యూ, 10 దాకా ఆర్. 10 దాటితే పెద్ద మచ్చల జాబితాలోకి పోతుంది. ఎక్స్‌రే చూసి "బాగానే ఉంది" అన్న మాటతో సరిపెట్టుకోకండి, ఏ మెట్టు రాశారో అడగండి. పాత ఫిల్ములు పారేయకండి. ఐదేళ్ళ కిందటి ఫిల్ముతో పక్కపక్కన పెట్టి చూస్తే తెలిసేది ఒక్క ఫిల్ములో తెలియదు. కాంట్రాక్టరు మారినప్పుడల్లా రికార్డు చేతులు మారే ఓబీ కార్మికులకు ఈ మాట మరీ అవసరం.

మరో సంగతి, టీబీ అని రాసిన చీటీ గురించి. గనుల్లో సిలికోసిస్ నోటిఫై చేసిన జబ్బు. వైద్యం చేసిన డాక్టరు గనుల తనిఖీ అధికారికి తెలియజేయాలి. నష్టపరిహారం ఇచ్చే వృత్తి జబ్బుల జాబితాలో సిలికోసిస్‌తో పాటు సిలికో-టీబీ కూడా ఉంది, ఆ వైకల్యానికో మరణానికో సిలికోసిస్ ముఖ్య కారణమై ఉండాలన్నది షరతు. ఎక్స్‌రేలో రెండూ కలిసి ఉన్న మనిషికి కాగితం మీద టీబీ ఒక్కటే పడితే ఆరు నెలల మాత్రలు దొరుకుతాయి, పరిహారం దారి మాత్రం మూసుకుపోతుంది. గనిలో ఎన్నేళ్ళు, ఏ పనిలో, ఏ మస్టరు కింద చేశారో డాక్టరు చేతే కేసుషీటులో రాయించుకోండి.